మొటిమల గుంటలకు కెమికల్ పీల్: అనుభవాలను తూచి చూడవలసిన తీరు

కెమికల్ పీల్ చేయించుకున్న నలుగురిని అడిగితే నాలుగు రకాల సమాధానాలు రావడం మామూలే. ఒకరికి మొహం తేటపడి ఉంటుంది, ఒకరికి డబ్బు దండగైనట్టు అనిపిస్తుంది, ఒకరికి ఉన్న మచ్చకు తోడు కొత్త నలుపు వచ్చి చేరుతుంది, మరొకరికి ఏ మార్పూ కనిపించదు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఏ రకం మచ్చకు ఏ ఆమ్లం వాడారు, అది చర్మంలో ఎంత లోతుకు దిగింది, చికిత్స జరిగిన ఎన్నో వారంలో ఆ మాట చెబుతున్నారు అన్న వివరాలు తెలిస్తే ఈ అనుభవాలన్నీ ఒకదానితో ఒకటి పొసగుతాయి; ఆ వివరాలు లేకుండా విన్న అనుభవం ఎంత నిజాయితీగా చెప్పినదైనా, వినేవారి చర్మానికి పనికొచ్చే సలహా కాజాలదు. ఆ వివరాలను ఎలా రాబట్టుకోవాలో, సూరత్‌లోని సలాబత్‌పురాలో బతుకుతున్న తెలుగువారి పని, ఎండ, పండుగల మధ్య ఈ చికిత్సను ఎలా ఇముడ్చుకోవాలో ఈ అధ్యాయం చర్చిస్తుంది.

సలాబత్‌పురా సూరత్ పాత నగరానికి తూర్పు వైపున, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు దగ్గరగా ఉన్న ఇరుకైన పేట. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేతపని వెతుక్కుంటూ సూరత్ చేరిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడా, దగ్గరలోని లింబాయత్ వైపునా స్థిరపడ్డాయి. మగవారిలో చాలామంది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండేసి గంటల షిఫ్టులు చేస్తారు, ఆడవారిలో ఎందరో ఇంటి దగ్గరే చీరలకు లేసు కుట్టడం, స్టోన్లు అంటించడం, దారాలు కత్తిరించడం వంటి పనులు పట్టుకుంటారు. కూలి మీటర్ల లెక్కన, చీరల లెక్కన వచ్చేచోట నాలుగు రోజులు పనికి వెళ్లకపోతే నాలుగు రోజుల ఆదాయం పోయినట్టే. చర్మ చికిత్స గురించి రాసే పుస్తకాలు సాధారణంగా ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మనిషిని ఊహించుకుని సలహాలిస్తాయి. వేడి, చెమట, నూలు ధూళి ఉన్నచోట అవే సలహాలకు కొంత సవరణ అవసరం.

రంగు వేరు, గుంట వేరు

మొటిమ తగ్గిన తర్వాత చర్మం మీద మిగిలేవి రెండు. మొదటిది రంగు: మొటిమ వాపు వల్ల రెచ్చిపోయిన వర్ణకణాలు మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువగా తయారుచేయడం వల్ల ఏర్పడే గోధుమ, నలుపు ఛాయలు; వేలితో తడిమితే చర్మం నున్నగానే ఉంటుంది. రెండోది గుంట: వాపు చర్మపు లోపలి పొర అయిన డెర్మిస్ దాకా వెళ్లి, అక్కడ చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే పీచుపదార్థాన్ని కరిగించివేయడం వల్ల పైపొర కిందికి కుంగిపోయిన చోటు. రంగు ఎండకు దూరంగా ఉంటే నెలల్లో తనంతట తానే తగ్గుముఖం పడుతుంది, పైపై పీల్‌కు త్వరగా లొంగుతుంది. గుంట తనంతట తాను పూడదు. ఈ రెండింటినీ వేరు చేసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చిని చెంపకు పక్కనుంచి పట్టి అద్దంలో చూసుకుంటే గుంట ఉన్నచోట నీడ పడుతుంది, రంగు మాత్రమే ఉన్నచోట నీడ పడదు. అమ్మాయి మొహం మీది మచ్చలన్నీ రెండు పీల్‌లతో పోయాయని ఒక తల్లి చెప్పే మాట, చాలా సందర్భాల్లో, రంగు పోయిన కథే అయి ఉంటుంది; గుంటలున్న మనిషి ఆ మాట నమ్మి వెళితే నిరాశ తప్పదు.

గుంటల్లోనూ తేడాలున్నాయి. 2001లో జేకబ్, డోవర్, కామినర్ అనే అమెరికన్ వైద్యులు వీటిని మూడు రకాలుగా విడదీసిన పద్ధతినే ఇప్పటికీ ఎక్కువమంది పాటిస్తున్నారు. ఐస్‌పిక్ గుంటలు రెండు మిల్లీమీటర్లకన్నా సన్నగా, సూదితో పొడిచినట్టు లోతుగా దిగి ఉంటాయి. ఎక్కువమంది మొహాల మీద అధికంగా కనిపించేవి ఇవే. బాక్స్‌కార్ గుంటలు నిటారు అంచులతో, చదునైన అడుగుతో గుండ్రంగానో కోలగానో ఉంటాయి. రోలింగ్ గుంటలు నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున అలల్లా ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. వీటికి కారణం చర్మాన్ని కిందినుంచి లాగి పట్టుకున్న పీచు బంధాలు, ఆ బంధాలు తెగనిదే పైన ఎంత ఆమ్లం పూసినా చర్మం పైకి లేవదు. ఒకే మొహం మీద ఈ మూడు రకాలూ కలిసి ఉండటం సర్వసాధారణం కాబట్టి, ఒకే చికిత్సతో అన్నీ పోతాయన్న హామీని అనుమానించడమే మంచిది. వైద్యునితో మాట్లాడేటప్పుడు ‘దాగ్’ అని ఊరుకోకుండా గుజరాతీలో ‘ఖాడా’ అని చెప్పి, గుంటలున్న చోటును వేలితో చూపిస్తే మాట సూటిగా ఉంటుంది.

ఆమ్లాలు, వాటి లోతు

కెమికల్ పీల్ అంటే కొలిచిన గాఢత గల ఆమ్లాన్ని చర్మం మీద పూసి, ఒక నిర్ణీత లోతు వరకు పొరలను ఉద్దేశపూర్వకంగా గాయపరచి, ఆ గాయం మానే క్రమంలో కొత్త చర్మం, కొత్త కొల్లాజెన్ ఏర్పడేలా చేయడం. పాల్ గెర్సన్ ఉన్నా అనే జర్మన్ చర్మవైద్యుడు 1882లోనే సాలిసిలిక్ ఆమ్లం, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాల ప్రభావాన్ని వర్ణించాడు. మొటిమల గుంటల మీద ఫినాల్‌ను 1903 నుంచి వాడుతూ వచ్చిన అమెరికన్ వైద్యుడు జార్జ్ మాకీ, కార్ప్ అనే సహచరురాలితో కలిసి ఆ ఫలితాలను 1952లో గాని ప్రచురించలేదు. అర్ధశతాబ్దం తర్వాత ఫలితాలు ప్రకటించిన ఆ ఓపిక, వారం తిరక్కుండా తీర్పులిచ్చే ఈ కాలానికి వింతగానే తోస్తుంది. ఫినాల్ లోతైన పీల్. అది రక్తంలో కలిసి గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉంది, గోధుమరంగు చర్మాన్ని శాశ్వతంగా పాలిపోయేలా చేయగలదు. భారతీయ చర్మానికి మొహం నిండా ఫినాల్ పూస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి రావడమే సరైన పని.

ఇక్కడ నిత్యం వాడేవి పైపై పీల్‌లు. గ్లైకాలిక్ ఆమ్లం చెరకులో సహజంగా ఉండే చిన్న అణువు కాబట్టి త్వరగా లోపలికి దిగుతుంది. ఇరవై నుంచి డెబ్బై శాతం గాఢతల్లో దొరుకుతుంది, నిర్ణీత సమయం కాగానే సోడియం బైకార్బనేట్ ద్రావణంతో దాని పనిని ఆపేయాలి. సాలిసిలిక్ ఆమ్లం కొవ్వులో కరిగే గుణం వల్ల రంధ్రాల్లోని జిడ్డులోకి చొచ్చుకుపోతుంది, అందుకే మొటిమలు ఇంకా వస్తూనే ఉన్నవారికి దీనిని ఎక్కువగా సూచిస్తారు. ఆస్పిరిన్ పడనివారు ముందే చెప్పాలి. మాండెలిక్ ఆమ్లం పెద్ద అణువు కావడంతో మెల్లగా దిగుతుంది, సున్నితమైన చర్మానికి మంట తక్కువ. జెస్నర్ ద్రావణం లాక్టిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం, రిసార్సినాల్ ఒక్కొక్కటి 14 శాతం చొప్పున ఆల్కహాల్‌లో కలిపినది. గాఢత శాతం ఒక్కటే బలాన్ని చెప్పదని కూడా తెలుసుకోవాలి. ద్రావణం పీహెచ్ ఎంత తక్కువగా ఉంటే అంత ఎక్కువ ఆమ్లం పనిచేసే రూపంలో ఉంటుంది, కాబట్టి రెండు సీసాల మీద ఒకే శాతం రాసి ఉన్నా ఒకటి గిలిగింతగా, మరొకటి నిప్పులా ఉండవచ్చు.

ఈ పైపై పీల్‌లు పనిచేసేది ముఖ్యంగా పైపొర అయిన ఎపిడెర్మిస్‌లో. గుంట ఉన్నది డెర్మిస్‌లో. అందువల్ల పలుమార్లు చేసిన గ్లైకాలిక్ పీల్‌లతో రంగు తేలికపడటం, చర్మం నునుపెక్కడం, లోతు తక్కువ గుంటల అంచులు కొంత మెత్తబడటం న్యాయంగా ఆశించవచ్చు గాని, ఐస్‌పిక్ గుంటలు పూడటాన్ని ఆశించకూడదు. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం, వాడుకలో టీసీఏ, ముప్పై అయిదు శాతం గాఢతలో డెర్మిస్ పైభాగం దాకా దిగుతుంది. అయితే గోధుమ, చామనఛాయ చర్మాల మీద మొహమంతా ఇలా పూయడం వల్ల నల్లబడే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి అనుభవం గలవారు కూడా ఆచితూచి వాడతారు.

ఐస్‌పిక్ గుంటలకు మాత్రం ఇదే ఆమ్లాన్ని వేరొక తీరున వాడే పద్ధతి ఉంది. 2002లో కొరియా వైద్యులు లీ, ఆయన సహచరులు ప్రచురించిన ఈ పద్ధతిని క్రాస్ అంటారు. 65 శాతం లేదా 100 శాతం టీసీఏను మొహమంతా పూస్తే ఘోరమైన కాలుడు మచ్చలు మిగులుతాయి. కాని దానినే చెక్క టూత్‌పిక్ మొనకు అంటించి, రెండు వేళ్లతో చర్మాన్ని సాగదీసి పట్టుకుని, గుంట అడుగుకు మాత్రమే తాకించి నొక్కితే, కొన్ని క్షణాల్లో ఆ చుక్క సుద్దముక్క రంగులో తెల్లబడుతుంది. మాంసకృత్తులు గడ్డకట్టిన ఆ తెలుపును ఫ్రాస్టింగ్ అంటారు. చుట్టూ ఉన్న ఆరోగ్యమైన చర్మాన్ని ముట్టుకోకపోవడమే ఇందులోని నేర్పు. మరునాటికి ప్రతి చుక్క మీదా చిన్న పక్కు కడుతుంది, వారం లోపు రాలిపోతుంది, ఆపై కొన్ని నెలలపాటు అడుగు నుంచి కొత్త కొల్లాజెన్ గుంటను కొద్దికొద్దిగా పైకి నెడుతుంది. లీ బృందం చికిత్స చేసిన 65 మందిలో 65 శాతం ఆమ్లం వాడిన 33 మందిలో 82 శాతానికి, 100 శాతం వాడిన 32 మందిలో 94 శాతానికి మంచి ఫలితం వచ్చినట్టు నమోదైంది. వారంతా భారతీయుల చర్మానికి దగ్గరి ఛాయలవారే కావడం ఈ అంకెలకు ఇక్కడ విలువనిస్తుంది, అయితే చికిత్స లేని పోలిక బృందం లేకపోవడం వాటి విలువను కొంత తగ్గిస్తుంది. 2016లో కోక్రేన్ సంస్థ మొటిమల గుంటల చికిత్సల మీద జరిగిన 24 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 789 మంది ఫలితాలను పరిశీలించి, ఏ చికిత్సనైనా మొదటి ఎంపికగా నిలబెట్టగల గట్టి ఆధారాలు లేవని తేల్చింది. గ్యారంటీ అని రాసిన బోర్డు ముందు నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుంటే చాలు.

చేయించుకున్న రోజు, ఆ తర్వాతి వారాలు

గ్లైకాలిక్ పీల్ జరిగే గది అనుభవం క్లుప్తమైనది. జిడ్డు పోయేలా మొహం తుడిచి, కంటి మూలలకు, ముక్కు పక్క మడతలకు, పెదవి అంచులకు వాజలిన్ రాసి, బ్రష్‌తోనో దూదితోనో నుదుటి నుంచి మొదలుపెట్టి ఆమ్లం పూస్తారు. చీమలు పాకినట్టున్న చిరచిర నిమిషం తిరిగేసరికి మంటగా మారుతుంది, ఎదురుగా చిన్న ఫ్యాను తిరుగుతుంటుంది, వైద్యుని చూపు గడియారం మీదకన్నా చర్మం మీదే ఎక్కువగా ఉండాలి. ఎర్రదనం సమంగా వచ్చిందంటే ఆపాలి. సమయం మిగిలి ఉన్నా ఎక్కడైనా బూడిదతెలుపు కనిపిస్తే అక్కడ వెంటనే ఆపాలి. మంట సున్నా నుంచి పది వరకు ఎంతుందో అడుగుతుంటే దాచకుండా చెప్పడం రోగి బాధ్యత. ఓర్చుకోవడం ఇక్కడ సుగుణం కాదు.

ఆపై జరిగేదాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం వల్లనే సగం అపోహలు పుడుతున్నాయి. మొదటి రెండు రోజులు చర్మం బిగుసుకుని, కాస్త నల్లగా కనిపిస్తుంది; మూడో రోజు నుంచి నోటి చుట్టూ మొదలై పొట్టు లేస్తుంది; వారానికి కొత్త చర్మం బయటపడుతుంది. పొట్టు ఎంత లేచిందన్నది పీల్ ఎంత బాగా పనిచేసిందన్నదానికి కొలత కాదు. సాలిసిలిక్ పీల్ తర్వాత కొందరికి పొట్టు దాదాపు లేవనే లేవదు, అయినా లోపల పని జరుగుతుంది. ఇంతకన్నా మోసపుచ్చేది వాపు. కొంచెం లోతైన పీల్ తర్వాత చర్మంలో చేరిన స్వల్పమైన వాపు గుంటలను తాత్కాలికంగా పైకి లేపి పూడినట్టు చూపిస్తుంది. ఆ వారంలో అద్దం చూసుకున్నవారు సంబరపడి పదిమందికి చెబుతారు, వాపు దిగిన మూడో వారంలో అవే గుంటలు మళ్లీ కనిపించి చికిత్స చెడిపోయిందని బాధపడతారు. సంబరమూ బాధా రెండూ తొందరపాటే. కొల్లాజెన్ పేరుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది కాబట్టి, మూడు నెలలు నిండని అనుభవాన్ని వార్తగా వినాలి గాని తీర్పుగా తీసుకోకూడదు.

దీనికి విరుగుడు ఫొటో. మొదటి పీల్‌కు ముందు రోజు ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, ఎడమ, కుడి చెంపలను పక్క వెలుతురులో తీసి పెట్టుకుని, మూడు నెలల తర్వాత అదే కిటికీ దగ్గర, అదే వేళకు మళ్లీ తీయాలి. ఫోన్లలో ఉండే బ్యూటీ మోడ్‌ను ఆపివేయడం మరచిపోతే ఆ ఫొటోకు విలువ ఉండదు.

గోధుమరంగు చర్మానికి ముందు జాగ్రత్త

ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి చర్మవైద్యుడు ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో మొదలుపెట్టిన వర్గీకరణలో తెలుగువారిలో ఎక్కువమంది నాలుగు, అయిదు రకాల కిందికి వస్తారు. ఈ చర్మానికి ఎండదెబ్బ తక్కువ, కాని ఏ గాయమైనా మానిన చోట నల్లబడే స్వభావం ఎక్కువ. దోమ కుట్టిన చోటు నెలల తరబడి నల్లగా మిగిలిపోయేవారు పీల్ విషయంలో రెట్టింపు జాగ్రత్త పడాలి. భారతీయ చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ తరఫున 2008లో నీతి ఖుంగర్ రూపొందించిన మార్గదర్శకాలు ప్రైమింగ్ మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టడానికి కారణం ఇదే. ప్రైమింగ్ అంటే పీల్‌కు ముందు రెండు నుంచి నాలుగు వారాలు చర్మాన్ని సిద్ధం చేయడం: పగలు సన్‌స్క్రీన్, రాత్రి వైద్యుడు చెప్పిన ట్రెటినాయిన్ వంటి క్రీము, అవసరమైతే వర్ణకణాలను నెమ్మదింపజేసే హైడ్రోక్వినోన్ లేదా అజెలాయిక్ ఆమ్లం; ట్రెటినాయిన్‌ను పీల్‌కు కొద్ది రోజుల ముందు ఆపుతారు. వచ్చిన రోజే, చర్మం గురించి నాలుగు మాటలైనా అడగకుండా, పీల్ చేసి పంపే చోటు ఎంత చవకైనా ఖరీదైనదే.

వైద్యునికి తప్పక చెప్పవలసిన వాటిలో మొటిమలకు వాడిన ఐసోట్రెటినాయిన్ మాత్రలు, పెదవి మీద పదేపదే వచ్చే హెర్పిస్ పొక్కులు, గాయమైన చోట చర్మం ఉబ్బి గట్టిపడే కీలాయిడ్ స్వభావం, గర్భం ముఖ్యమైనవి. వీటన్నింటికన్నా ఎక్కువగా దాచబడేది మెడికల్ షాపులో కొన్న తెల్లబడే క్రీము. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన ట్యూబులను ఫెయిర్‌నెస్ క్రీముల్లా నెలల తరబడి రాసుకునేవారు ఊరూరా ఉన్నారు. మొదట మొహం మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రనరాలు తేలి, స్టెరాయిడ్ వల్లనే కొత్త మొటిమలు మొలుస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ లేపనాలను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, చీటీ లేకుండా అమ్మకూడదని ప్రకటించినా కౌంటర్ మీద అలవాటు తేలిగ్గా పోలేదు. అలాంటి పలచటి చర్మం మీద ఆమ్లం పూస్తే అనుకున్న లోతుకన్నా లోపలికి దిగుతుంది. ట్యూబు పేరు గుర్తులేకపోతే ఖాళీ ట్యూబునే వెంట తీసుకెళ్లి చూపించాలి. మొటిమలు ఇంకా కొత్తగా వస్తున్నవారికి ముందు వాటిని అదుపు చేయడమే చికిత్స. ఒకవైపు గుంటలు పూడుస్తూ మరోవైపు కొత్తవి పడుతుంటే ఖర్చు తప్ప ఫలితం మిగలదు.

సూరత్ క్యాలెండర్, సాంచాల షెడ్డు

పీల్ తేదీని నిర్ణయించేటప్పుడు వైద్యుని ఖాళీకన్నా సూరత్ పండుగలనే ముందు చూసుకోవడం తెలివైన పని. నవరాత్రుల్లో తొమ్మిది రాత్రులు గర్బా, అదే రోజుల్లో బతుకమ్మ, మేకప్పు, చెమట. ఆ దినాల్లో పొట్టు లేస్తున్న మొహంతో ఉండటం కష్టం. దీపావళికి బట్టల మార్కెట్లు, మగ్గాలు ఆగిపోయి చాలా కుటుంబాలు సొంతూళ్లకు వెళతాయి, మళ్లీ లాభ్ పంచమి నుంచి పని ఊపందుకుంటుంది. ఊరికి వెళ్లే ముందు ప్రైమింగ్ మొదలుపెట్టి, తిరిగి వచ్చాక మొదటి పీల్ చేయించుకుంటే ఎండ తగ్గిన నెలలు కలిసివస్తాయి. అసలు చిక్కు జనవరి 14న వచ్చే ఉత్తరాయణం. ఆ రోజూ, మరునాడు వాసీ ఉత్తరాయణం నాడూ ఊరంతా ఉదయం నుంచి చీకటి పడేదాకా మేడల మీదే గాలిపటాలతో ఉంటుంది. తల ఎత్తి ఆకాశంలోకి చూస్తూ గడిపే ఆ రెండు రోజుల ఎండ, కొత్త చర్మాన్ని ఒక్కసారిగా నల్లబరచడానికి చాలు. కాబట్టి డిసెంబర్ చివరి వారంలో పీల్ పెట్టుకోకుండా, ఉత్తరాయణం వెళ్లాక మళ్లీ మొదలుపెట్టి, ధూళేటి (హోలీ) రంగులకు కనీసం రెండు మూడు వారాల ముందు ఆపడం మంచిది. ఏప్రిల్ నుంచి ఎండ తీవ్రత పీల్‌లకు అనువు కాదు. వానాకాలపు మబ్బు కూడా అతినీలలోహిత కిరణాలను పూర్తిగా అడ్డుకోలేదు కనుక మబ్బు పట్టిందని సన్‌స్క్రీన్ మానేయకూడదు.

పెళ్లిచూపుల తేదీ ముందు పెట్టుకుని, దానికి పది రోజుల ముందు పీల్ కోసం పరుగెత్తేవారు తరచూ కనిపిస్తారు. పెళ్లిళ్లకైనా, పెళ్లిచూపులకైనా కనీసం నెల రోజుల ఎడం ఉండాలి. పదో రోజుకు పొట్టు పోయినా ఎర్రదనం పోయిందన్న హామీ ఉండదు, నలుపు రావలసి ఉంటే అది సరిగ్గా రెండు మూడు వారాల మధ్యనే తల ఎత్తుతుంది. మొహం మీద గుంటలున్న పిల్లతోనో పిల్లవాడితోనో ఇంటివారు ఏళ్ల తరబడి ఆ మాటే ఎత్తుతుంటే చికిత్స మీద ఆశ కూడా అలాగే ఉబ్బిపోతుంది. ఆ ఒత్తిడిలో లోతైన పీల్ అడిగి చేయించుకోవడం కన్నా, పెళ్లిచూపులకు చక్కటి కన్సీలర్‌తో వెళ్లి, చికిత్సను తర్వాత తీరిగ్గా సాగించడం మేలు.

సాంచాల షెడ్డులో పనిచేసేవారికి ఎండ తగలడం తక్కువే గాని, వేడీ నూలు ధూళీ ఉన్నాయి, అంతకన్నా మెడలోని తువ్వాలుతో గంటకు పదిసార్లు మొహం రుద్దే అలవాటు ఉంది. పొట్టు లేస్తున్న చర్మాన్ని రుద్దితే నలుపు ఖాయం. ఆ వారం మెత్తటి నూలు గుడ్డను తడిపి అద్దుకోవాలి గాని రుద్దకూడదు. క్రాస్ చేయించుకున్నవారు పక్కులు రాలేదాకా గీకకూడదు, కాబట్టి వారపు సెలవుకు ముందు రోజు చేయించుకుంటే కూలి నష్టం తగ్గుతుంది. మగవారు పీల్‌కు ముందు రోజూ, చేయించుకున్న రోజూ గడ్డం గీసుకోకూడదు, పొట్టు పూర్తిగా పోయేదాకా బ్లేడు జోలికి పోకూడదు. ఆడవారు త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్‌లను ముందూ వెనకా వారం పది రోజులు మానాలి. సన్‌స్క్రీన్ విషయంలో తప్పు ఎక్కువగా పరిమాణంలోనే జరుగుతుంది; చూపుడు, మధ్య వేళ్ల పొడవునా రెండు గీతలు పిండితే వచ్చేంత మొహానికి, మెడకు కావాలి, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. కొంచెం రంగు కలిపిన, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రకాలు కంటికి కనిపించే వెలుతురు వల్ల వచ్చే నలుపును కూడా తగ్గిస్తాయి. పీల్‌కు డబ్బు ఉండి సన్‌స్క్రీన్‌కు లేదంటే, ఆ నెల పీల్ మానుకుని సన్‌స్క్రీన్ కొనడమే సరైన లెక్క.

చికిత్స ఎవరు చేస్తున్నారన్నది చివరి ప్రశ్న కాకూడదు. చర్మవైద్యంలో ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్ అర్హత, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద ఉన్నాయా అని చూడటం తప్పు కాదు. సలాబత్‌పురాకు దగ్గరలో, ఉమర్వాడాలో బాంబే మార్కెట్ ఎదురుగా నగరపాలిక నడిపే స్మీమేర్ ఆసుపత్రి, మజూరా గేట్ దగ్గర న్యూ సివిల్ ఆసుపత్రి ఉన్నాయి. రెండింటిలోనూ చర్మవ్యాధుల విభాగాలున్నాయి. గుంటల రకం తేల్చుకోవడానికి, ఉన్న మొటిమలను అదుపు చేసుకోవడానికి అక్కడ కేసు పేపర్ తీయించుకుని మొదలుపెడితే, ప్రైవేటు క్లినిక్కుకు వెళ్లేనాటికి ఏం అడగాలో తెలిసి ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే సీసాలతో ఇంట్లో చేసుకోవడం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో ప్రజలను ప్రత్యేకంగా హెచ్చరించింది. గాఢమైన టీసీఏ, గ్లైకాలిక్, సాలిసిలిక్, లాక్టిక్ ఆమ్లాలు వైద్య పర్యవేక్షణ లేకుండా వాడితే కాలిన గాయాలు, శాశ్వత మచ్చలు రావచ్చని చెప్పింది. ఇంట్లో వాడే ఉత్పత్తులకు ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లం పది శాతం లోపు, పీహెచ్ 3.5కు తగ్గకుండా ఉండాలన్నది సౌందర్య సాధనాల నిపుణులు చాలాకాలంగా పాటిస్తున్న హద్దు. టీసీఏను అసలు ఇంటికే తేకూడదు. ఒకసారి చర్మం తెల్లబడ్డాక నీళ్లు కొట్టినా అది చేసిన పని వెనక్కి రాదు.

ఇరుగుపొరుగు అనుభవం వినేటప్పుడు గుంటా రంగా, ఏ ఆమ్లం, ఎన్నోసారి, ఎవరు చేశారు, ఎన్ని నెలలైంది అని అడిగితే చాలామంది సంతోషంగానే చెబుతారు. ఆమ్లం పేరే తెలియకుండా చేయించుకున్నామని చెప్పేవారు కూడా ఉంటారు, అది కూడా ఆ క్లినిక్ గురించి తెలుసుకోదగిన సంగతే. పైపై పీల్‌లు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగు నుంచి ఆరు సార్లు చేస్తారు. మొదటి ఒకటి రెండింటితో రంగు తేలికపడకపోతే ఆమ్లం మార్చమని, నల్లబడితే ఆపమని అడిగే హక్కు రోగికి ఉంది. ప్యాకేజీ డబ్బు ముందే కట్టినవారు ఈ హక్కును వాడుకోలేకపోతారు కాబట్టి ఏ సారికి ఆ సారే చెల్లించడం మేలు.

ఆరు పీల్‌ల తర్వాత కూడా కిటికీ దగ్గరి ఫొటోలో అలల్లాంటి గుంటలు అలాగే ఉంటే ఏడో పీల్ వాటిని మార్చదు. వాటికి 1995లో ఒరెంట్రైక్ వర్ణించిన సబ్‌సిషన్ అనే పద్ధతి ఉంది. మత్తు సూది ఇచ్చి, చర్మం కిందికి మరో సూదిని పోనిచ్చి, కిందికి లాగుతున్న పీచు బంధాలను కోసి చర్మాన్ని విడిపిస్తారు. ఐస్‌పిక్ గుంటలకు క్రాస్, బాక్స్‌కార్ గుంటలకు మైక్రోనీడ్లింగ్ లేదా లేజర్, వీటన్నింటి మధ్యా రంగు కోసం పీల్, ఇలా కలిపి వాడటమే ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు అనుసరిస్తున్న దారి. సబ్‌సిషన్‌కు పీల్‌కు ఉన్నంత పేచీ ఎండతో లేదు, కమిలిన గుర్తులు వారం పది రోజులు ఉంటాయి. కాబట్టి మార్చి దాటిపోయిందని దాని కోసం మళ్లీ దీపావళి దాకా ఆగనక్కర్లేదు.